మన ఎండకి కారుకి వాక్స్ సరిపోతుందా, సీలెంట్ కావాలా?

టెక్కలి_నల్లబండి:
నల్ల కారు కొని ఏడాదైంది. ఇంటికి షెడ్డు లేదు, వేపచెట్టు కిందో నడి ఎండలోనో పెట్టాల్సిందే. డెలివరీ రోజున షోరూంలో టెఫ్లాన్ కోటింగ్ అని అంటగట్టారు, మూడో నెలకే నీళ్లు పూసల్లా జారడం మానేసి అట్టకట్టినట్టు నిలబడిపోతున్నాయి. ఇక నేనే చేసుకుందామని. మా బావ కార్నౌబా వాక్స్ చాలంటాడు, డిటైలింగ్ కుర్రాడు సీలెంటే అంటాడు. ఏది నిలుస్తుంది?

మూడులాంతర్లు_మెరుపు:
వాక్సే, రెండో మాట లేదు. నల్ల రంగు మీద కార్నౌబా ఇచ్చే తడి మెరుపు ఇంకేదీ ఇవ్వదు. ఎండకి కరిగిపోతుంది అంటారు గానీ, అది బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పుట్టే మైనం, ఎండకి ఆకు ఎండిపోకుండా చెట్టు తనే పూసుకునేది. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు.

భోగాపురం_ఉప్పుగాలి:
అది శుద్ధ కార్నౌబా లెక్క బావూ. అది రాయిలా ఉంటుంది, చేత్తో పూయలేం. మనం కొనే డబ్బాలో ద్రావకాలు, నూనెలు, మెత్తటి మైనాలు కలుస్తాయి. మాది సముద్రానికి దగ్గర, నా కారు మీద వాక్స్ నెలన్నర దాటిన పాపాన పోలేదు. సీలెంట్ మనిషి చేసిన పాలిమర్, అదే కారుకి నాలుగు నెలలు పైనే ఆగింది. మెరుపు కాస్త గాజులా, చల్లగా ఉంటుంది, ఒప్పుకుంటాను.

మూడులాంతర్లు_మెరుపు:
నెలకోసారి ఆదివారం గంటసేపు రుద్దుకోవడానికి బద్ధకమైతే అలా చెప్పండి.

పలాస_గ్యారేజ్:
ఇద్దరూ ఒకటి వదిలేస్తున్నారు. వాక్స్ గానీ సీలెంట్ గానీ ఎండని పెద్దగా ఆపవు. రంగు వెలవకుండా కాపాడేది కంపెనీవాళ్లు పైన వేసిన క్లియర్ కోటే, అతినీల కిరణాలను పీల్చుకునే మందు దాంట్లోనే ఉంటుంది. మచ్చ పోలేదని మాటిమాటికీ కాంపౌండ్ అనే గరుకు పేస్టు పెట్టి బఫింగ్ కొట్టించేవాళ్లు ఆ పొరనే అరగదీసుకుంటున్నారు. మరి పూత ఎందుకంటే పిట్టల రెట్టకీ బోరునీళ్లకీ. వేడెక్కిన పెయింట్ మెత్తబడి ఉంటుంది, దాని మీద రెట్ట ఎండితే దాని ఆమ్లం తినేసి అచ్చు దిగిపోతుంది. పూత ఉంటే తడిగుడ్డ తెచ్చేదాకా కాస్త టైం దొరుకుతుంది, అంతే. బోరునీళ్లు ఎండలో ఆరితే సున్నం చుక్కలు మిగులుతాయి, కాబట్టి కడుగుడు పొద్దున్నే, వెంటనే తుడుపు. టెక్కలి అంటున్నారు కదా, గ్రానైట్ పొడి పడిన బండిని పొడిగుడ్డతో మాత్రం ముట్టుకోవద్దు, గీతలే గీతలు.

టెక్కలి_నల్లబండి:
రెట్టల సంగతి మాకు చెప్తారా, పక్కనే తేలినీలాపురం, శీతాకాలమంతా పెలికాన్లు, కొంగలే. సరే, రెండూ వేస్తే? టెఫ్లాన్ మీదే పూయొచ్చా?

పలాస_గ్యారేజ్:
టెఫ్లాన్ 327 డిగ్రీలకి గానీ కరగదు, షోరూం షెడ్డులో గుడ్డతో రుద్దితే పెయింట్‌కి ఎలా అతుక్కుంటుందండీ? అందులో మీకు పనిచేసింది కూడా మామూలు పాలిషే. కార్ షాంపూతో కడిగి, బంకమట్టి ముద్దలాంటి క్లే బార్‌తో గరుకు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి తుడిచి, ముందు సీలెంట్. అది గట్టిపడ్డాక, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, కావాలంటే పైన వాక్స్. తిరగేస్తే సీలెంట్ మైనం మీద నిలవదు. బానెట్ చేతికి చల్లగా తగిలితేనే మొదలెట్టండి.

భోగాపురం_ఉప్పుగాలి:
మరి వాక్స్ ఎందుకు దండగ?

మూడులాంతర్లు_మెరుపు:
చూసుకోడానికండీ. కారు కొన్నది అందుకే కదా సగం.

టెక్కలి_నల్లబండి:
ఈ గొడవ తేలేలా లేదు. ఆదివారం తెల్లవారుజామున బానెట్ మధ్యలో టేపు వేసి ఒక సగం వాక్స్, ఒక సగం సీలెంట్ పూసి వదిలేస్తాను. ఆరు వారాలయ్యాక రెండు పక్కలా చెంబుడు నీళ్లు పోసి ఫోటో పెడతాను.

మూడులాంతర్లు_మెరుపు:
వాక్స్ డ్రైవర్ వైపు వేయండి. కాకి కొమ్మ ఏ వైపుందో ముందు చూసుకుని.