చెకోస్లోవేకియా నోటు మీద స్టాంపు అంటించి ఉంది, ఇది ఏ దేశం డబ్బు?

బ్రాడీపేట అబ్బాయి (గుంటూరు):
అందరికీ నమస్కారం. మా బాబాయి పాత నోట్ల ఆల్బమ్ ఈమధ్యే నా చేతికొచ్చింది. అందులో చెకోస్లోవేకియా 100 కొరూనా నోటు ఒకటుంది. ఆకుపచ్చది, 1961 అని ఉంది. దాని మీద రెవెన్యూ స్టాంపులాంటి చిన్న కాగితం ముక్క అంటించారు. ఆ ముక్క మీద 100 అంకె, మూడు కొండల మీద రెండు అడ్డకర్రల శిలువ. అంచు కొంచెం లేచింది. గోరుతో గీకేద్దామా అనుకుంటున్నా. ఎవరైనా ఆకతాయి పనా ఇది?

పాత క్యాషియర్ (విజయవాడ, గవర్నర్‌పేట):
బాబూ, గోరు దాని దగ్గరకే పోనీకు. స్టాంపు ఊడితే అది ఉత్త చెకోస్లోవేకియా నోటు. స్టాంపుతో ఉంటే ఇప్పటి స్లొవేకియా మొదటి డబ్బు.

1993 జనవరి 1న చెకోస్లోవేకియా చెక్, స్లొవేకియా అని రెండైంది. కరెన్సీ మాత్రం కొన్నాళ్లు ఉమ్మడిగానే నడుపుదామనుకున్నారు. స్లొవేకియా డబ్బు విలువ పడిపోతుందన్న భయంతో జనం సొమ్మంతా చెక్ వైపు తరలించడం మొదలెట్టారు. దాంతో ఫిబ్రవరి 8నే విడదీయాల్సి వచ్చింది. కొత్త నోట్లు అచ్చయ్యేదాకా ఆగే తీరికేదీ? పాత నోట్లకే ఎవరి స్టాంపు వాళ్లు అంటించుకున్నారు. క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి, ఆ వారం అక్కడి క్యాషియర్ల అవస్థ తలుచుకుంటే నాకు ఇప్పుడు టెన్షన్ వస్తుంది. నోటు వెనక్కి తిప్పి చూడు, ప్రాగ్ కోట, చార్లెస్ వంతెన ఉంటాయి. పక్క దేశపు రాజధాని బొమ్మతో సొంత కరెన్సీ మొదలుపెట్టారన్నమాట!

ఇక ఆ మూడు కొండలు తాత్రా, ఫాత్రా, మాత్రా అంటారు. మాత్రా ఇప్పుడు హంగేరీలో ఉంది. ఎందుకంటే స్లొవాక్ వాళ్లు దాదాపు వెయ్యేళ్లు హంగేరీ రాజ్యంలోనే ఉన్నారు. హంగేరీ రాజచిహ్నంలో కూడా ఇదే శిలువ, ఇవే కొండలు. తురుష్కులు మీదికొచ్చాక 1536 నుంచి రెండున్నర శతాబ్దాలు హంగేరీకి రాజధాని ఎక్కడో తెలుసా? ఇప్పటి స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా! మరియా థెరెసాకి 1741లో కిరీటం పెట్టింది అక్కడి సెయింట్ మార్టిన్ చర్చిలోనే. చెక్ వాళ్లతో కాపురం 1918లో మొదలైంది. మధ్యలో 1939 నుంచి హిట్లర్ చెప్పుచేతల్లో ఒక స్లొవాక్ రాజ్యం నడిచింది. దాని మీద 1944 ఆగస్టులో బాన్‌స్కా బిస్ట్రిత్సా కేంద్రంగా తిరుగుబాటు లేచింది.

బెజవాడ బుల్లోడు:
విడిపోతే అలా విడిపోవాలి సార్. మనం 58:42 అని లెక్క రాసుకుని కూడా 2014 నుంచి తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు అంటూ తిరుగుతూనే ఉన్నాం. వాళ్లకి పేచీలే లేవా?

పాత క్యాషియర్:
భవనాలూ భూములూ ఎక్కడున్నవి అక్కడివాళ్లకే, మిగతావి జనాభాని బట్టి 2:1. పంపకం వరకు శుభ్రంగానే చేశారు. అయినా అంత ముచ్చటపడకు. జనాన్ని అడిగినవాడే లేడు. రిఫరెండమ్ పెట్టలేదు, సర్వేల్లో ఎక్కువమంది విడిపోవడం వద్దనే అన్నారు. చెక్ ప్రధాని క్లౌస్, స్లొవాక్ ప్రధాని మెచియార్ కూర్చుని తేల్చేశారు. అధ్యక్షుడు హావెల్ 1992 జులైలోనే రాజీనామా చేశాడు. ఇంకో చమత్కారం చూడు. ఉమ్మడి చిహ్నాలు ఎవరూ వాడుకోకూడదని చట్టం చేసుకున్నారు, తీరా చూస్తే చెక్ వాళ్లు పాత జెండానే ఉంచేసుకున్నారు.

తెనాలి టు నిత్రా:
నేను ఉండేది ఇక్కడే, స్లొవేకియాలోని నిత్రాలో. టాటా వాళ్ల జాగ్వార్ లాండ్ రోవర్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. దేశం మొత్తం 49,035 చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి గుంటూరు జిల్లాకి నాలుగింతలు పైమాటే. జనం 54 లక్షలు. మన జిల్లాలో 2011లోనే 49 లక్షలు! చుట్టూ పోలెండ్, ఉక్రెయిన్, హంగేరీ, ఆస్ట్రియా, చెక్. ఉత్తరాన అన్నీ కొండలే, గెర్లాహ్ శిఖరం 2,655 మీటర్లు. దక్షిణాన డాన్యూబ్ వెంట చదును నేల. అక్కడ హంగేరియన్ మాట్లాడేవాళ్లే ఎక్కువ, పాప్రికా అనే ఎర్ర మిరప కూడా పండిస్తారు. రంగు చూసి మోసపోవద్దు, కారం ఉండదు.

సముద్రం లేదు గానీ రేవు ఉంది. బ్రాటిస్లావాలో పడవ ఎక్కితే డాన్యూబ్ మీదుగా నల్లసముద్రం దాకా పోవచ్చు. ఊరి శివార్లో దెవీన్ కోట చూడాలి. 1809లో నెపోలియన్ సైన్యం పేల్చేసింది, మొండిగోడలే మిగిలాయి. కింద మొరావా నది డాన్యూబ్‌లో కలుస్తుంది, అవతలి గట్టు ఆస్ట్రియా. కమ్యూనిస్టుల కాలంలో ఈ గట్టు పొడవునా ముళ్లకంచె, దాటబోయినవాళ్లని కాల్చేసేవారు. ఇప్పుడు అక్కడికి కొంచెం ఎగువన మొరావా మీద సైకిళ్ల వంతెన ఉంది.

క్యాషియర్ గారూ, క్రెమ్నిత్సా టంకశాల మీకు తెలిసే ఉంటుంది. 1328 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. 2009లో ఇక్కడ యూరో వచ్చినప్పుడు నాణేలు అక్కడే కొట్టారు. 5 సెంట్ల మీద క్రివాన్ శిఖరం బొమ్మ ఉంటుంది. సంక్రాంతికి వస్తున్నా, కావాలంటే నాలుగు పట్టుకొస్తా.