ఆరో గేరు ఒక్కదానితో సెన్నా కారు ఆగిపోకుండా ఎలా నడిచింది?

ఇంజిన్లు, రేసింగ్ కార్ల సంగతి తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

బ్రెజిల్ రేసింగ్ డ్రైవర్ అయర్టన్ సెన్నా గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. 1984లో ఫార్ములా వన్‌లోకి వచ్చాడు, మూడుసార్లు ప్రపంచ చాంపియన్, మొత్తం 41 గెలుపులు. కానీ నా మనసు 1991 బ్రెజిల్ గ్రాండ్ ప్రి దగ్గరే ఆగిపోయింది. అప్పటిదాకా సొంత దేశంలో ఒక్కసారీ గెలవలేదు. పుట్టిన ఊరు సావో పాలోలో, ఇంటర్‌లాగోస్ ట్రాక్ మీద అందరికంటే ముందుండగా గేర్‌బాక్స్ మొరాయించింది. చివరి ల్యాపుల్లో మిగిలింది ఆరో గేరు ఒక్కటే. పైగా చినుకులు, వెనక నుంచి రికార్డో పత్రేసే తరుముకొస్తున్నాడు. అయినా దాదాపు మూడు సెకన్ల తేడాతో గెలిచాడు! కప్పు ఎత్తడానికి కూడా చేతులు సహకరించని ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

నా సందేహం ఇది. మన కారును పై గేరులో ఉంచి నెమ్మదిగా మలుపు తిప్పితే ఇంజిన్ ఉలిక్కిపడి ఆగిపోతుంది. ఇంటర్‌లాగోస్‌లోనూ నెమ్మదైన మలుపులున్నాయి కదా, మరి అతని కారులోని పన్నెండు సిలిండర్ల హోండా వీ12 ఇంజిన్ ఎందుకు ఆగలేదు? క్లచ్ సగం తొక్కి పట్టాడా? బ్రేకు వేస్తూనే యాక్సిలరేటర్ నొక్కి ఉంచాడా? గేరు ఇరుక్కుంటే చేతులకు అంత శ్రమ ఎందుకు? పాత మాన్యువల్ గేర్‌బాక్స్ రేసు కార్లు నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే తప్పకుండా చెప్పండి.