కొటేషన్ పంపాక ఉలుకూ పలుకూ లేని సోలార్ లీడ్లు: ఎన్నిసార్లు ఫోన్ చేయాలి? బెంగళూరు

కేఆర్‌పురం_సేల్స్:
ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టే చిన్న కంపెనీకి సేల్స్ చూస్తున్నాను. ఎంక్వయిరీలకి, అంటే లీడ్లకి, లోటు లేదు. సైట్ విజిట్ అవుతుంది, 3 కిలోవాట్లకి కొటేషన్ వెళ్తుంది, వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, అక్కడితో సరి. ఫోన్ చేస్తే "చూసి చెప్తామండీ" అంటారు, మూడోసారికి ఎత్తరు. ఎంత గ్యాప్ ఇవ్వాలి? ఎక్కడ వదిలేయాలి? ఎక్సెల్‌లో పేరు, నంబరు, కొటేషన్ తేదీ రాస్తున్నాను.

మేడమీద_ఎండ:
ఆ షీట్‌లో ఇంకో రెండు కాలమ్స్ పెట్టండి: "ఎందుకు ఆగింది", "మళ్లీ ఏ రోజు". రెండోది ఖాళీగా ఉన్న లీడ్ ఒక్కటీ ఉండకూడదు. "చూసి చెప్తాం" అనగానే సరే అని పెట్టేయకండి. "శనివారం పొద్దున చేయనా, ఆదివారం వీలవుతుందా?" అని అడిగి రోజు వాళ్ల నోటితోనే చెప్పించండి. వాళ్లు చెప్పిన రోజున చేస్తే మాట మీద నిలబడ్డట్టు ఉంటుంది. మనకి తోచినప్పుడు చేస్తే విసుక్కుంటారు.

వాళ్లు రోజు చెప్పకపోతే, కొటేషన్ వెళ్లిన మర్నాడు, తర్వాత 4వ రోజు, 10వ రోజు, 25వ రోజు. ఆ పైన నెలకి ఒక మెసేజ్ చాలు. అయితే ప్రతిసారీ చేతిలో కొత్త విషయం ఒకటి ఉండాలి. "ఏమైందండీ?" అని అడిగితే "ఇంకా ఏం అనుకోలేదు" అనే వస్తుంది.

మొదటి ఫోన్‌కి వాళ్ల గత 12 నెలల బిల్లుల్లోని యూనిట్లు తీసుకుని, పక్కన మన ఉత్పత్తి రాసి పంపండి. బెంగళూరులో కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు, వానాకాలంలో తగ్గుతుంది. ఆ తగ్గేది కూడా రాయండి, దాచితే తర్వాత మనకే తలనొప్పి. రెండోసారి ట్యాంకు నీడ పొద్దున 9కి, సాయంత్రం 4కి ఎక్కడ పడుతుందో ఫొటోలు, దాన్ని తప్పించి గీసిన లేఅవుట్.

మూడోసారి డబ్బు సంగతి. ఇంటి సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు. కానీ ప్యానెళ్లు పెట్టి, బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) తనిఖీ అయ్యాకే అది ఖాతాలో పడుతుంది. అంటే ముందు ఆ డబ్బు కూడా వాళ్లే సర్దుకోవాలి. చాలామంది ఆగేది ఇక్కడే, మొహమాటానికి పైకి చెప్పరు. బ్యాంకు లోనుకి కావలసిన కాగితాల జాబితా అడక్కుండానే పంపండి. కదలిక వస్తుంది.

బిల్లు_చూపించండి:
పైన చెప్పినదంతా నిజమే, కానీ ఇంత ఓపిక అందరి మీదా పెట్టకండి. సైట్ విజిట్‌కి ముందే కరెంటు బిల్లు ఫొటో అడగండి. గృహజ్యోతిలో (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే "బిల్లు తగ్గుతుంది" అన్న మాటకి అక్కడ విలువే లేదు, ఎన్ని ఫోన్లు చేసినా దండగే. నెలకి 200 యూనిట్లు దాటి పూర్తి బిల్లు కడుతున్నవాళ్లు మన మనుషులు.

బిల్లు మీద పేరు కూడా చూడండి. చనిపోయిన తండ్రి పేరో, పాత ఓనరు పేరో ఉంటే దరఖాస్తు ముందుకి పోదు. వాళ్లకి పదే పదే గుర్తు చేయాల్సింది పేరు మార్పిడి గురించి. ఆ పని ఎలా చేయించుకోవాలో చెప్పినవాళ్లకే ఆర్డరు వస్తుంది.

ఇంకోటి, ఫోన్‌లో మాట్లాడే ఆయన ఒక్కరే నిర్ణయించరు. 3 కిలోవాట్లంటే దాదాపు 300 చదరపు అడుగులు. బట్టలు ఎక్కడ ఆరేయాలి, వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి అని ఇంట్లో ఆవిడ అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు. కింద మనిషి నడిచేలా ఎత్తు స్ట్రక్చర్‌కి ఎంత ఎక్కువవుతుందో విడిగా ధర ఇవ్వండి. రెండో విజిట్ ఇద్దరూ ఇంట్లో ఉండే ఆదివారం పెట్టుకోండి. అపార్ట్‌మెంటయితే టెర్రస్ అందరిదీ కాబట్టి, కమిటీ మీటింగ్ తేదీయే మీ ఫాలోఅప్ తేదీ. దానికి రెండు రోజుల ముందు ఒక పేజీ నోటు సెక్రటరీకి చేరాలి.

కేఆర్‌పురం_సేల్స్:
చాలా ఉపయోగపడింది. అస్సలు ఎత్తనివాళ్లకి వేరే నంబరు నుంచి చేయొచ్చా?

వరుస_తప్పని_ఫోన్:
వద్దు. నంబరు మార్చి చేస్తే ఉన్న కాస్త నమ్మకం పోతుంది. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం మామూలు పదంకెల నంబరుతో ప్రచారపు ఫోన్లు చేయకూడదు, వాటికి 140తో మొదలయ్యే సిరీస్ ఉంది. అవతలివాళ్లు 1909కి ఫిర్యాదు చేస్తే మీ లైనుకే ఇబ్బంది. వాట్సాప్‌లో ఒకేసారి అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ మీదా ఆశ పెట్టుకోకండి, మీ నంబరు సేవ్ చేసుకోని ఫోన్లకి అది చేరదు. విజిట్ రోజే అక్కడే సేవ్ చేయించండి.

రెండుసార్లు ఎత్తకపోతే ఒక మెసేజ్: "నమస్కారమండీ. మీ మేడ కొలతలు, లేఅవుట్ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ కొటేషన్ ధర ఫలానా తేదీ వరకే. ఇప్పుడు వద్దనుకుంటే 'వద్దు' అని ఒక్క మాట రాయండి, ఇక ఫోన్ చేయను." ఆ తేదీ నిజమైనది కావాలి, ఊరికే భయపెట్టడానికి రాయొద్దు. కన్నడిగులకయితే కన్నడంలోనే రాయండి.

"వద్దు" అన్నవాళ్లని ఆ రోజే తీసేయండి. జవాబే ఇవ్వనివాళ్లని ఫిబ్రవరి చివరికి వాయిదా వేయండి. ఫ్యాన్లు, ఏసీలు మొదలయ్యి మార్చి బిల్లు చేతికొచ్చేసరికి మీ లేఅవుట్ మళ్లీ ఒకసారి వాళ్ల ఫోన్‌లో ఉండాలి, కొత్త ధరతో.