పాపకు తెలుగు తల్లి వేషం: వైజాగ్ వాళ్లు కాస్త చెప్తారా?

మాది కరీంనగర్. ఉద్యోగం కోసం ఈమధ్యే గాజువాక వచ్చినం. స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్‌కు పాపను తెలుగు తల్లిగా తయారుచేయమన్నరు. ఇంట్ల ఒకటే చర్చ.

మా దిక్కు ఈ బొమ్మల వెనక చాలా కథ ఉంది. ఉద్యమంల తెలుగు తల్లికి ఎదురుగనే తెలంగాణ తల్లిని నిలబెట్టుకున్నం. నెత్తిన కిరీటం, ఒక చేతిలో బతుకమ్మ, ఇంకో చేతిలో మక్క కంకులు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు కూలినయి. పోనీ అంతటితో అయిపోయిందా? 2024 డిసెంబర్ 9న సెక్రటేరియట్‌లో పెట్టిన కొత్త తెలంగాణ తల్లికి కిరీటం లేదు, బతుకమ్మ లేదు, కట్టింది ఆకుపచ్చ చీర. మళ్లీ లొల్లి. సొంత తల్లి మీదనే మాకు ఏకాభిప్రాయం లేదు!

ఇక్కడ చూస్తే ఆశీలుమెట్ట ఫ్లైఓవర్‌కే తెలుగు తల్లి పేరు. వన్‌టౌన్‌లో విక్టోరియా రాణి విగ్రహం, ఇదే ఊర్లో ఆ తెల్లోళ్ల మీద తిరగబడ్డ అల్లూరి విగ్రహాలు. ఎవరికీ పట్టింపు లేనట్టే ఉంది, నిజమేనా?

ఉత్తరాంధ్ర వాళ్లకు తెలుగు తల్లి అంటే మనసుకు తగిలే విషయమా, లేక స్కూలు ఫంక్షన్ వరకేనా? వేరే వేషం అడిగితే టీచర్ తప్పుగా అనుకుంటారా? వేస్తే మాత్రం వరి కంకులు, పూర్ణకుంభం చాలా? చీర ఏ రంగుది? మా ఇంట్ల చిన్న సైజుల ఉన్నది ఆకుపచ్చదొక్కటే, పోటీ శనివారమే.