కమ్యూనిటీ కాలేజీలో మైక్రో ఎకనామిక్స్: హెచ్4 మీద తీసుకోవచ్చా? లెక్కలు ఎంత రావాలి?

ప్రశ్న (సన్నీవేల్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో బీఎస్సీ బయోటెక్నాలజీ చేశాను. పెళ్లయ్యాక ఇక్కడ కాలిఫోర్నియాకొచ్చి రెండేళ్లు దాటింది, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్నాను. వచ్చే ఏడాది బిజినెస్ మాస్టర్స్‌కి అప్లై చేద్దామని ఉంది. నేను చూసిన ఒక ప్రోగ్రామ్‌కి మైక్రో ఎకనామిక్స్ (కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, ధరల గురించి చెప్పే భాగం) ముందే చదివి ఉండాలట. డి ఆంజా కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుతో నడిచే స్థానిక ప్రభుత్వ కాలేజీ) ఇంటికి దగ్గరే. ఇంటర్‌లో బైపీసీ కాబట్టి లెక్కలు ముట్టుకుని చాలా కాలమైంది. ఇంట్లో చిన్న పాప ఉంది. సమ్మర్‌లో ఆన్‌లైన్‌లో తొందరగా పూర్తి చేసేయొచ్చా? ఫీజు ఎంత? మాక్రో (దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థ గురించి చెప్పే కోర్సు) ముందు చదవాలా? చదివినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు 1 (సాన్ హోసే నుంచి)

హెచ్4 మీద నిశ్చింతగా చదువుకోవచ్చండి. ఒక్క కోర్సైనా ఫుల్‌టైమైనా ఫర్వాలేదు, ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారాల్సిన పని లేదు. ఫీజు విషయంలో చూసుకోవాల్సింది రెసిడెన్సీ, అంటే కాలేజీ మిమ్మల్ని ఈ రాష్ట్రవాసిగా లెక్కేస్తుందా లేదా అన్నది. కాలిఫోర్నియాలో ఏడాదికి పైగా ఉండి, ఇక్కడే ఉండే ఉద్దేశానికి ఆధారాలు చూపిస్తే హెచ్4 వాళ్లకీ రెసిడెంట్ ఫీజే పడుతుంది. లీజు, డ్రైవింగ్ లైసెన్స్, టాక్స్ రిటర్న్ లాంటివి మీ పేరు మీద ఉన్నవి దగ్గర పెట్టుకోండి. రెసిడెంట్‌కి డి ఆంజాలో యూనిట్‌కి (కోర్సు ఎంత పెద్దదో కొలిచే లెక్క, క్రెడిట్ లాంటిది) 31 డాలర్లు. మైక్రో 4 యూనిట్లు కాబట్టి 124, పైన చిన్న చిన్న ఫీజులు కొన్ని. నాన్ రెసిడెంట్ అయితే దీనికి చాలా రెట్లు కట్టాలి. అందుకే అప్లికేషన్‌లో ఆ ప్రశ్నలు తొందరపడకుండా నింపండి. అప్లికేషన్ సీసీసీ అప్లై అనే కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల వెబ్‌సైట్‌లో, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు.

జవాబు 2 (ఫ్రీమాంట్ నుంచి, ఎకనామిక్స్ ట్యూటర్)

పై జవాబుకి ఒకటి కలపాలి, ఇది చాలామంది చూసుకోరు. డి ఆంజా క్వార్టర్ పద్ధతి కాలేజీ, అంటే సెమిస్టర్ కన్నా చిన్న టర్ముల్లో కోర్సులు పూర్తి చేస్తారు. 4 క్వార్టర్ యూనిట్లంటే సెమిస్టర్ లెక్కలో 2.67 మాత్రమే. మీరు వెళ్లబోయే ప్రోగ్రామ్ వాళ్లు "మైక్రో ఒక కోర్సు" అని అడిగితే ఇబ్బంది లేదు. "3 సెమిస్టర్ యూనిట్లు" అని రాసి ఉంటే మాత్రం అడ్మిషన్ ఆఫీసుకి ముందే ఈమెయిల్ పెట్టి, ఒప్పుకుంటామని రాతపూర్వకంగా తీసుకోండి. ఒప్పుకోకపోతే దగ్గర్లోనే సారటోగాలో వెస్ట్ వ్యాలీ, శాంటా క్లారాలో మిషన్ కాలేజీ సెమిస్టర్ పద్ధతిలో నడుస్తాయి. అక్కడ యూనిట్‌కి 46, మూడు యూనిట్లకి 138. ఖర్చులో పెద్ద తేడా లేదు. ఆన్‌లైన్ క్లాసు పనికొస్తుందా, ఏ గ్రేడ్ రావాలి అన్నవి కూడా అదే ఈమెయిల్‌లో అడిగేయండి. పాస్/నో పాస్ మాత్రం ఎంచుకోకండి, లెటర్ గ్రేడ్ ఉండాలి.

మాక్రో ముందు చదవాలన్న నియమం చాలాచోట్ల లేదు. కేటలాగ్‌లో కోర్సు వివరణ కింద ఒకసారి చూసుకోండి.

లెక్కల గురించి ధైర్యంగా ఉండండి. ఈ కోర్సులో కాలిక్యులస్ అడగరు. శాతాలు, భిన్నాలు, గీత వాలు, రెండు సమీకరణాలు కలిపి సాధించడం వస్తే చాలు. ఈ కోర్సులో మనవాళ్లు దెబ్బతినేది గ్రాఫుల దగ్గర. డెఫినిషన్లు బట్టీ పడతారు, పరీక్షలో "ఇలా జరిగితే ఏమవుతుంది?" అని అడుగుతారు. ఉదాహరణకి బ్రెజిల్‌లో మంచు కురిసి కాఫీ పంట దెబ్బతింది, ధర ఏమవుతుంది? "సప్లై తగ్గింది, ధర పెరిగింది, ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుంది, డిమాండ్ తగ్గితే ధర మళ్లీ దిగుతుంది" అని రాస్తారు. చివరి రెండు మెట్లూ తప్పు. గ్రాఫులో ఏ ధరకి ఎంత అమ్ముతారో చూపేది సప్లై గీత, ఎంత కొంటారో చూపేది డిమాండ్ గీత. ఇక్కడ అయ్యింది సప్లై గీత ఎడమకి జరగడం ఒక్కటే. డిమాండ్ గీత ఉన్నచోటే ఉంది, మనం దాని మీదే పైకి నడిచాం. కొనే పరిమాణం తగ్గింది, డిమాండ్ మారలేదు. గీత కదలడానికీ, గీత మీద మనం కదలడానికీ ఉన్న ఈ తేడా చేతికి అలవాటైతే పన్నులు, అద్దె నియంత్రణ, కనీస వేతనం అన్నీ సులువుగా వచ్చేస్తాయి. అందుకే రోజూ కొన్ని గ్రాఫులు పెన్సిల్‌తో మీరే గీయండి. వీడియోలో ఇంకొకరు గీస్తుంటే చూసి అర్థమైందనుకోవడం చాలదు.

సమ్మర్ వద్దని గట్టిగా చెబుతాను. ఆరు వారాల్లో మొత్తం కుదిస్తారు. చిన్న పాపతో, లెక్కలు వదిలేసి ఇన్నేళ్లయ్యాక, ఆ వేగం అన్యాయం. క్వార్టరే వేగం, నాలుగైదు వారాలకే మొదటి మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది. ఫాల్‌లో, అంటే సమ్మర్ తర్వాతి క్వార్టర్‌లో తీసుకోండి.

అడిగినవారు

చాలా థాంక్సండి. ఫాల్‌కే వెళ్తాను. ముందుగా పుస్తకం తిరగేస్తే ఎలాస్టిసిటీ (ధర ఒక శాతం మారితే అమ్మకం ఎన్ని శాతాలు మారుతుందన్న లెక్క) దగ్గర ఆగిపోయాను. మామూలు శాతం ఉండగా ఆ మిడ్‌పాయింట్ పద్ధతి ఎందుకు?

జవాబు 2

మంచి ప్రశ్న. ధర 4 డాలర్ల నుంచి 6కి పెరిగింది, అమ్మకం 120 నుంచి 80కి పడింది అనుకోండి. మామూలు శాతంతో ధర 50 పెరిగింది, అమ్మకం 33.3 తగ్గింది, ఎలాస్టిసిటీ 0.67. ఇప్పుడు వెనక్కి రండి. 6 నుంచి 4కి దిగితే ధర 33.3 తగ్గింది, అమ్మకం 50 పెరిగింది, ఎలాస్టిసిటీ 1.5. అవే రెండు బిందువులు, ఎటు నడిచామన్న దాన్నిబట్టి జవాబు మారిపోతోంది. మిడ్‌పాయింట్‌లో సగటుతో భాగిస్తాం. 40ని 100తో భాగిస్తే 40 శాతం, 2ని 5తో భాగిస్తే 40 శాతం. ఎలాస్టిసిటీ సరిగ్గా 1, ఎటు నడిచినా అంతే. రాబడి కూడా చూడండి: 4 × 120 = 480, 6 × 80 = 480. ధర పెంచినా రాబడి కదల్లేదు, ఎలాస్టిసిటీ 1 అంటే అర్థం అదే.

ఇలాంటి కిటుకే చివర్లో ఇంకొకటి వస్తుంది, షట్‌డౌన్ నియమం, అంటే నష్టంలో ఉన్న వ్యాపారాన్ని ఎప్పుడు మూయాలన్నది. ఒక షాపు అనుకోండి. నెలకి అద్దె 3,000 డాలర్లు, లీజు ఇంకా ఉంది. సరుకులకీ జీతాలకీ 4,000, అమ్మకాలు 5,000. నష్టం 2,000. మూసేయాలా? మూసినా అద్దె 3,000 కట్టాల్సిందే, నష్టం ఇంకా ఎక్కువ. లీజు అయ్యేదాకా నడపడమే మేలు. "నష్టం కాబట్టి మూసేయాలి" అని టిక్ పెట్టేవాళ్లే ఎక్కువ.

జవాబు 3 (కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి)

పుస్తకానికి డబ్బు పెట్టకండమ్మా. షెడ్యూల్‌లో "జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్" అని గుర్తు ఉన్న సెక్షన్ చూసుకోండి. రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్‌లో మైక్రో పుస్తకం పూర్తిగా ఉచితం. నాదో సందేహం కూడా ఉంది. మా అబ్బాయి పదకొండో తరగతి, వాడూ తీసుకోవచ్చా?

జవాబు 1

తీసుకోవచ్చండి. హైస్కూల్ పిల్లలు పార్ట్‌టైమ్‌గా చేరితే మామూలుగా ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోరు. స్కూల్ కౌన్సెలర్ సంతకం కావాలి. యూసీకో సీఎస్‌యూకో (కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలకి) వెళ్లే ఉద్దేశం ఉంటే అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఆ కోర్సు దేనికి సమానమో చూసుకోండి. ఒకటి మాత్రం వాడికి చెప్పండి, ఈ గ్రేడ్ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎప్పటికీ ఉంటుంది.

అడిగినవారు

సీటు దొరక్కపోతే?

జవాబు 2

వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టి ఈమెయిల్ రోజూ చూసుకోండి. మొదటి వారంలో చాలామంది వదిలేస్తారు. సీటు వచ్చాక ఆన్‌లైన్ క్లాసైతే మొదటి రోజే లాగిన్ అయి, ఇచ్చిన చిన్న పని చేసేయండి. కనిపించనివాళ్లని తీసేస్తారు. మొదటి క్విజ్ చూశాక కుదరదనిపిస్తే, ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ (మధ్యలో వదిలేశారన్న గుర్తు) పడకుండా డ్రాప్ చేసే గడువు ఎప్పుడో క్యాలెండర్‌లో ముందే రాసి పెట్టుకోండి, అది చాలా త్వరగా వస్తుంది. ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థులు వచ్చి సందేహాలు అడగడానికి కేటాయించిన సమయానికి) రెండో వారం నుంచే వెళ్లండి. మనవాళ్లు మొహమాటపడి వెళ్లరు, ఆ సమయం మీలాంటివాళ్ల కోసమే పెట్టింది. మీరు గీసిన గ్రాఫు కాగితం పట్టుకెళ్లి ఎక్కడ తప్పిందో అడగండి.