చర్చ: డబ్బు గురుకులాలకా, బస్తీ బడులకా?

చింతల్ నాన్న: మా పాప చేత ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష రాయిస్తున్నాం. తిండి, పుస్తకాలు, చదువు అన్నీ ఒక్కచోటే. హైదరాబాద్ బస్తీ పిల్లలకు ఇంతకంటే మంచి దారి లేదు. ప్రభుత్వం డబ్బంతా గురుకులాలు పెంచడానికే పెట్టాలని నా అభిప్రాయం.

బోరబండ టీచరమ్మ (రిటైర్డ్): పాపకు సీటు రావాలి తమ్ముడూ. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో సర్వేలు అనే ఊళ్లో మొదలైన గురుకులం నుంచి ఎంతోమంది పేదింటి పిల్లలు పైకొచ్చారు. కానీ డబ్బంతా అటే అంటే ఒప్పుకోను.

పరీక్ష రాయాలంటే ముందు చదవడం రావాలి కదా! కూలి ఎక్కడ దొరికితే అక్కడికి ఇల్లు మార్చే కుటుంబాల్లో పిల్లలకు మొదటి రెండు తరగతులు సగం పోతాయి. ఐదుకొచ్చినా ఒత్తులు పలకలేరు, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాదు. అందరికంటే పేదపిల్లలు వీళ్లే. ఆ పరీక్ష దాకా రానే రారు.

వీళ్లను తరగతిని బట్టి కాకుండా, ఎంత చదవగలరో చూసి జట్లు చేయాలి. అక్షరాల జట్టు, పదాల జట్టు, కథ చదివే జట్టు. రోజూ కొంతసేపు సిలబస్ పక్కనపెట్టి అదే పని. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన పద్ధతి ఇది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరీక్షించి, పనిచేస్తుందని తేల్చింది. అయితే ఆ సమయం టైంటేబుల్‌లోనే ఉండాలి, పైవాళ్లు వచ్చి చూస్తుండాలి. ఊరికే శిక్షణ ఇచ్చి వదిలేస్తే టీచర్లు మళ్లీ సిలబస్ వెంటే పరిగెడతారు.

మలక్‌పేట లాయర్: మేడమ్, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి. ముందు అది అడుగుదాం.

బోరబండ టీచరమ్మ: తప్పకుండా అడగాలి బాబూ. కానీ ఇప్పటికే నాలుగు, ఐదు తరగతుల్లో ఉన్నవాళ్లకు దాంతో ఒరిగేదేమీ లేదు.

చింతల్ నాన్న: మేడమ్, మీరు చెప్పింది నిజమే అనిపిస్తోంది. మరి టీచర్లకు తీరికేది? 2024 నవంబరులో ఇంటింటి సర్వే కోసం ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. గురుకులంలో అయితే ఆ టెన్షన్ ఉండదు.

బోరబండ టీచరమ్మ: అందుకే ముందు ఆ పనులు వేరేవాళ్లకు అప్పజెప్పమని అడగాలి. జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప ఇతర పనులకు టీచర్లను వాడొద్దని అదే చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. లాయర్ బాబూ, వినతిపత్రం మీరు రాస్తే బస్తీ తల్లుల చేత సంతకాలు నేను పెట్టిస్తాను.