సమస్యాపూరణం: ఆడకున్నవాఁడె యాట గెలిచె

నిర్వాహకుడు, సత్యనారాయణపురం:

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

ఆడకున్నవాఁడె యాట గెలిచె

మిగతా మూడు పాదాలూ మీరు రాయాలి. ఈ పాదంలో అయిదూ సూర్యగణాలే (గల లేదా న). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదట కుదరాల్సిన అక్షరం, ఆ–యా. ఆడనివాడు ఎలా గెలుస్తాడన్నదే చిక్కు. ఆ ముడి పద్యంలోనే విడిపోవాలి. పద్యం కింద వివరణ రాసి విప్పితే పూరణ అనిపించుకోదు. ఇతివృత్తం ఆటలు: వేలం, జట్ల మార్పిడి, గాయాలు, సెలెక్షన్, టీవీ చర్చలు, ఏదైనా సరే. రెండు షరతులు. జరిగిన సంగతి జరిగినట్టే ఉండాలి. గాయపడ్డవాడు నాటకమాడుతున్నాడనే పద్యం మాత్రం ఇక్కడ పెట్టకండి.

పటమట మాస్టారు:

పాచికలను శకుని పట్టి విసరుచుండఁ
బ్రక్కఁ గూరుచుండి పణము పెట్టి
రాజ్యమెల్లఁ గొనియె రారాజు సభలోన
ఆడకున్నవాఁడె యాట గెలిచె

నిర్వాహకుడు:

మాస్టారూ, మొదటి పూరణే ఇంత గట్టిగా పడితే తరవాతివాళ్ల పని కష్టమే. పాచికలు వేసింది శకుని, పణం ఒడ్డింది దుర్యోధనుడు. "నీ బదులు ఇంకొకడు ఆడడమేమిటి" అని ధర్మరాజు అడిగిన ఘట్టమే ఇందులో ఇమిడింది. మూడో పాదంలో రాజ్య–రారాజు యతి చెవికి హాయిగా ఉంది. జూదం కూడా ఆటే కాబట్టి ఇతివృత్తం దాటలేదు. అయినా మీ నుంచి మైదానంలో జరిగిన సంగతి మీద ఇంకొకటి ఆశిస్తున్నాం.

అరండల్‌పేట:

మాస్టారి పద్యం చదవగానే నాకు ఐపీఎల్ వేలం బల్ల కళ్లముందు కదిలింది. పక్కన కూర్చుని పణం పెట్టేవాడు అక్కడా ఉన్నాడు కదా!

వేలమందుఁ గొనిరి వెలకట్టి యొకనాఁడు
మారు బేరమాడి మార్చినారు
చెమట యొకఁడు చింద సిరి యొకనిది గాఁగ
ఆడకున్నవాఁడె యాట గెలిచె

గవర్నర్‌పేట బాబాయి:

పద్యం నడక బాగుంది అబ్బాయ్. "చెమట యొకఁడు చింద సిరి యొకనిది" అన్న చోట యతి వెతుక్కుని వేసినట్టు లేదు, దానంతటదే వచ్చి కూర్చుంది. పేచీ విషయంలోనే. ఐపీఎల్‌లో ట్రేడ్ (వేలం లేకుండా జట్లు ఆటగాళ్లను మార్చుకోవడం) జరగాలంటే ఆటగాడు ఒప్పుకోవాలి. వాడి సంతకం లేకుండా ఫ్రాంచైజీలు రెండూ కలిసి బేరమాడుకుంటే కుదరదు. 2025 నవంబరులో జడేజా, శామ్ కరన్ చెన్నై నుంచి రాజస్థాన్‌కు వెళ్లారు, అక్కణ్ణించి సంజూ శాంసన్ చెన్నైకి వచ్చాడు. జడేజా ధర 18 కోట్ల నుంచి 14 కోట్లకు తగ్గింది. అయినా వెళ్లాడు. 2008లో రాజస్థాన్ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్న కుర్రాడే కదా! పుట్టింటికి పోయినట్టు పోయాడు. అతణ్ణి సంతలో సరుకులా "మార్చినారు" అనడం నాకు నచ్చలేదు.

అరండల్‌పేట:

బాబాయ్, ఒప్పుకోవడం వేరు, వద్దనగలగడం వేరు. సంతకం జడేజా స్థాయివాడి చేతిలో ఉంటే దానికి బలం ఉంటుంది. 30 లక్షలకు కొన్న కుర్రాడు వద్దని ఎవరితో అనగలడు? నా పద్యం వాడి గురించి.

నిర్వాహకుడు:

ఇద్దరి మాటా నిలుస్తుంది. అయితే పద్యంలో ఆ కుర్రాడు కనబడాలి. "ఒకఁడు" అన్నచోట వాడెవడో తెలియకపోవడం వల్లే బాబాయికి జడేజా గుర్తొచ్చాడు.

ఆటోనగర్ తమ్ముడు:

నేను మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి అన్నా. గాయమై బయట కూర్చున్న సీనియర్ గురించి రాద్దామని మొదలుపెట్టాను. మొదటి పాదం మాత్రమే వచ్చింది:

ఎముక విరిగి బెంచిపై కూర్చున్న హీరో

నిర్వాహకుడు:

ఊహ మంచిది తమ్ముడూ. విడదీసి చూద్దాం. ఎముక (న), విరిగి (న), బెంచి (గల): మూడు సూర్యగణాలూ సరిగ్గా పడ్డాయి. తరవాత రెండు ఇంద్రగణాలు కావాలి. "పైకూర్చు" మూడూ గురువులే, అది మ గణం, ఇంద్రగణం కాదు. "న్నహీరో" దగ్గర లఘువు, గురువు, గురువు వచ్చాయి. అది య గణం, అదీ ఇక్కడ చెల్లదు. యతి కూడా తప్పింది. మొదటి అక్షరం ఎ, నాలుగో గణం మొదట పై. అక్కడ ఇ, ఈ, ఎ, ఏలలో ఒకటో, వాటితో కూడిన య, హలో రావాలి. "హితవులు" పెట్టి చూడు, నీ సీనియర్‌కు పని కూడా దొరుకుతుంది.

ఆటోనగర్ తమ్ముడు:

ఎముక విఱిగి యొకఁడు హితవులు చెప్పుచు
గట్టుమీఁదనుండి కన్ను నిలిపి
కుఱ్ఱవానిచేతఁ గొట్టించె నొక ఫోరు
ఆడకున్నవాఁడె యాట గెలిచె

పటమట మాస్టారు:

శభాష్! "గట్టుమీఁదనుండి" అన్నావు చూడు, మన కాలవగట్ల ఊళ్లో పుట్టినవాడి మాట అది. "కన్ను నిలిపి" కూడా ఊరికే రాలేదు. బంతి ఎటు తిరుగుతోందో బయట కూర్చున్నవాడికే ముందు తెలుస్తుంది. "ఫోరు" గ్రాంథికం పక్కన ఇబ్బందిగా ఉందని ఎవరైనా అంటే పట్టించుకోకు. పద్యంలో రైలు, తంతి, బడ్జెట్ అన్నీ వచ్చాయి, ఇదీ వస్తుంది.

నిర్వాహకుడు:

ఇక్కడొక మాట చెప్పాలి. పొద్దున ఒక సభ్యుడు పెట్టిన పద్యాన్ని తీసేశాను. ఛందస్సు శుద్ధంగా ఉంది. కానీ దేశానికి ఆడమంటే నొప్పి, ఐపీఎల్ అంటే ఆరోగ్యం అని బుమ్రాను ఎత్తిపొడిచే పూరణ అది. బుమ్రా వెన్ను గాయంతో 2022 టీ20 ప్రపంచకప్‌కు దూరమయ్యాడు. 2023లో న్యూజిలాండ్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది ఐపీఎల్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. ఆగస్టులో ఐర్లాండ్ వెళ్లి కెప్టెన్‌గా తిరిగొచ్చాడు. ఇవన్నీ తెలిసీ టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు చూసి పద్యం కడితే యతిప్రాసలు దాన్ని కాపాడవు. పరుగెత్తి వచ్చి ముందుకాలు నేలకు గుద్దినప్పుడల్లా ఒంటి బరువుకు ఎన్నో రెట్లు వెన్ను మోస్తుంది. ఎముకలో సన్నని చీలిక మొదలైతే బయటికి వాపు లేదు, కట్టు లేదు. మనకు కనబడదు కాబట్టి లేదనుకోవడం అన్యాయం. ఈ విషయంలో నేను మెత్తబడను.

లబ్బీపేట అక్క:

ఆ కింద పరుగెత్తే అక్షరాల మీదే నా పూరణ.

బ్యాటు పట్టకుండ బల్లను గుద్దుచు
గొంతు చించుకొనుచు గోల సేసి
తెరను గెలిచె నొకఁడు తీర్పరి తానౌచు
ఆడకున్నవాఁడె యాట గెలిచె

బ్రాడీపేట లాయరుగారు:

అమ్మా, బాగుంది. మూడో పాదంలో "గెలిచె" వచ్చి నాలుగులో మళ్లీ "గెలిచె" రావడంతో సమస్య బలం ముందే ఖర్చయిపోయింది. "తెరను నిలిచె నొకఁడు" అంటే గణం చెడదు, పునరుక్తీ పోతుంది. ఇక భావం: బ్యాటు పట్టనివాడు మాట్లాడకూడదన్న వాదన చెల్లదు. హర్షా భోగ్లే అంతర్జాతీయ క్రికెట్ ఆడలేదు, ఆయన మాట వినని క్రికెట్ అభిమాని ఎవరున్నారు? కోపం బల్ల గుద్దడం మీద ఉండాలి, ఆడకపోవడం మీద కాదు.

లబ్బీపేట అక్క:

"నిలిచె" తీసుకుంటాను లాయరుగారూ. కానీ నా కోపానికి ఇంకో కారణం ఉంది. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విలువిద్యలో వ్యక్తిగతం, మిశ్రమం, జట్టు, మూడింట్లోనూ స్వర్ణాలు తెచ్చింది. జట్టు స్వర్ణం వచ్చిన రోజు 2023 అక్టోబరు 5. అదే రోజు అహ్మదాబాద్‌లో వన్డే ప్రపంచకప్ మొదలైంది. ఆ సాయంత్రం మా ఇంట్లో టీవీ ఎన్ని చానెళ్లు తిప్పినా టాసు, పిచ్చు, మంచు. బాణం వదిలిన పిల్ల మొహం చూద్దామంటే కనబడలేదు. అలా బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లే ఆ రోజు ఆట గెలిచారని నాకనిపించింది.

నిర్వాహకుడు:

అక్కా, ఇప్పుడు చెప్పిందే అసలు పూరణ. ఆ బాణం పద్యంలోకి రావాలి. మళ్లీ రాయండి, గడువు పొడిగిస్తాను.

కొత్తపేట విద్యార్థిని, గుంటూరు:

సమస్యలో "వాఁడె" అని ఉంది కాబట్టి సురేఖ గారినో హంపి గారినో పెట్టడం కష్టమైంది. అందుకని ఇలా వచ్చాను:

బల్లమీఁదఁ బావుఁ బట్టదు తన చేయి
కూఁతు వెనుక నిలిచి కోరి నేర్పె
జగము మెచ్చ హంపి చదరంగమున గెల్వ
ఆడకున్నవాఁడె యాట గెలిచె

పటమట మాస్టారు:

తల్లీ, కళ్లు చెమర్చాయి. కోనేరు అశోక్ గారు కూతురికి మొదటి గురువు. 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో ఆ అమ్మాయి ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచిందంటే ఆ తండ్రి పోటీ బల్ల దగ్గర కూర్చోకుండానే గెలిచినట్టు. "బావుఁ బట్టదు తన చేయి" అన్నావు కదా, ఎత్తు చెప్పాలని ఎంత ఉన్నా చెప్పకూడదు, చెయ్యి కట్టేసుకుని చూడాలి. పిల్లల్ని పోటీలకు తీసుకెళ్లిన ప్రతివాడికీ తెలిసిన బాధ అది.

గవర్నర్‌పేట బాబాయి:

ఇంతవరకూ పడ్డ పూరణల్లో నా ఓటు ఈ అమ్మాయికే.

బ్రాడీపేట లాయరుగారు:

గుంటూరు నుంచి ఇంకొకటి. 2019 ప్రపంచకప్‌లో నాలుగో స్థానం బ్యాటర్ సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు.

నాల్గవదగు చోట నమ్మిన వాఁడేఁడి
అనుచు వెదకి వెదకి యలసిపోయి
ఓడి వచ్చినపుడె యూరెల్లఁ జెప్పెరా
ఆడకున్నవాఁడె యాట గెలిచె

నిర్వాహకుడు:

అంబటి రాయుడు అని పేరు చెప్పకుండానే తెలిసింది. 55 వన్డేల్లో 47.05 సగటున 1694 పరుగులు చేసినవాడు, ప్రపంచకప్ జట్టులో చోటు లేదు. గాయాలతో ఇద్దరు తప్పుకున్నా పిలుపు రాలేదు. జులై 3న వీడ్కోలు చెప్పేశాడు. వారం తిరక్కుండా మాంచెస్టర్ సెమీఫైనల్లో మనవాళ్లు 24 పరుగులకు 4 వికెట్లు పోగొట్టుకుని, చివరికి 18 పరుగుల తేడాతో ఓడారు. అతనుంటే గెలిచేవాళ్లమని ఎవరూ రుజువు చేయలేరు. లాయరుగారు ఆ మాట తాను అనకుండా ఊరి నోట అనిపించారు. అవధానాల్లో తలపండినవాళ్లు వాడే ఒడుపు అది: అసంభవమైన పాదాన్ని ఎవరో అన్నట్టు చెబితే దోషం కవికి అంటదు. కాకపోతే ఈ ఒడుపుతో ఏ సమస్యనైనా పూరించవచ్చు కాబట్టి, మార్కులు కొంచెం తక్కువే పడతాయి.

మొగల్రాజపురం:

సిడ్ని గడ్డమీఁదఁ జిరకాల మోర్చుచుఁ
దొడను నొప్పి యున్నఁ దొణఁకకుండ
బంతి వదలి వదలి బాధను దిగమింగి
ఆడకున్నవాఁడె యాట గెలిచె

అరండల్‌పేట:

అన్నా, 2021 జనవరి సిడ్నీ టెస్టు, హనుమ విహారి. 161 బంతుల్లో 23 నాటౌట్, అవతల అశ్విన్ 39. ఆ సాయంత్రం నాకు పరుగు పరుగూ గుర్తే. కానీ ఆ మ్యాచ్ డ్రా. "గెలిచె" ఎలా అంటావు? పైగా మూడు గంటలకు పైగా క్రీజులో ఉన్నవాణ్ణి "ఆడకున్నవాఁడు" అంటే షాట్లు ఆడలేదని నువ్వు నోటితో చెప్పాల్సి వస్తోంది.

మొగల్రాజపురం:

అయితే ఇది చూడు.

సిడ్నిలోన నిలిచి చేటును దప్పించి
తొడను గాయమైనఁ దొణఁకకుండ
గాబలోన లేఁడు, కప్పును నిలిపెఁగా
ఆడకున్నవాఁడె యాట గెలిచె

నిర్వాహకుడు:

ఇదీ పూరణ అంటే! అదే తొడ కండరం గాయంతో విహారి నాలుగో టెస్టుకు లేడు. బ్రిస్బేన్‌లో గాబా మైదానంలో గెలిచినవాళ్లలో అతని పేరు లేదు. సిడ్నీలో అతను పడిపోయి ఉంటే సిరీస్ 2–1తో మనదయ్యేదే కాదు. "లేఁడు" అన్న ఒక్క మాటతో "ఆడకున్నవాఁడె" తీరిపోయింది, "కప్పును నిలిపెఁగా" అన్నదాంతో "గెలిచె" తీరిపోయింది. అంతకుముందు సిరీస్‌లో గెలిచిన కప్పే కాబట్టి "తెచ్చె" అనకుండా "నిలిపె" అనడం కూడా సరైన మాట. మూడో పాదం గణాలు చూడండి: గాబ, లోన, లేఁడు మూడూ గలాలు, కప్పును భ, నిలిపెఁగా నగం. గా–క యతి. వేలు పెట్టడానికి చోటు లేదు.

పటమట మాస్టారు:

విహారి పేరొచ్చింది కాబట్టి, సమస్యతో పని లేని కందం ఒకటి. 2023 రంజీ క్వార్టర్‌ఫైనల్, ఇండోర్, మధ్యప్రదేశ్ మీద. ఆవేశ్ ఖాన్ బౌన్సర్ తగిలి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతివాటం ఆటగాడు, ఎడమచేతివాటంగా నిలబడి ఒక్క చేత్తో బ్యాటు ఊపాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 27, రెండోదాంట్లో 15. ఆంధ్ర ఓడింది, కాబట్టి మీ పాదానికి ఇది లొంగదు.

ఎడచేతి వాటమున దిగి
కుడిచేయే పిడిని బట్టి కొట్టెను బంతిన్
ఒడలెల్ల నొచ్చుచుండఁగ
నడుమను జట్టును విడువని నాయకుఁ డతఁడే!

గవర్నర్‌పేట బాబాయి:

మాస్టారూ, "కుడిచేయే పిడిని బట్టి" దగ్గర ఆ దృశ్యం మొత్తం ఉంది. ఆ విరిగిన చెయ్యి పక్కకు తీసి దాచుకుని నిలబడ్డ తీరు చూసి మా ఇంట్లో ఆడవాళ్లు టీవీ కట్టేయమన్నారు.

నిర్వాహకుడు:

ఈ వారం మొదటి స్థానం మొగల్రాజపురం గాబా పద్యానికి, రెండోది కొత్తపేట అమ్మాయి హంపి పద్యానికి. మాస్టారి శకుని ఈ లెక్కలోకి రాదు, విడిగా దాచుకోదగ్గది. లబ్బీపేట అక్క బాణం పద్యం కోసం ఆదివారం దాకా ఆగుతాం.

వచ్చే వారానికి కందం నాలుగో పాదం, ప్రాస డకారం, మొదటి అక్షరం గురువు:

ఓడిన జట్టుకె గెలుపని యూరే మురిసెన్

ఆటోనగర్ తమ్ముడు:

అన్నా, దీనికి కబడ్డీ పెట్టొచ్చా?

నిర్వాహకుడు:

పెట్టు తమ్ముడూ. "కూడిన", "వీడక", "గోడలు" లాంటివి ప్రాసకు ముందే రాసి పెట్టుకో. మూడు పాదాలకు మొదటి మాటలు దొరికితే కందం సగం అయినట్టే.